పన్నెండో కాలవ

ఈశ్వరరావు చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే కథ సగానికి వచ్చేసరికి మీకు ఆయన మీద ఒళ్ళు మండుతుంది. అసలు పేరు సుబ్రహ్మణ్యేశ్వరరావు. అంత పేరు పిలిచే ఓపిక లేక ఊరంతా ఈశ్వరరావు గారంటారు. అరవై ఏడేళ్ళ వయసు, రెండెకరాల కొబ్బరితోట, ఒకరి జోలికి పోని మనిషి. తంటా అంతా అక్కడే ఉంది. జోలికి పోవాల్సిన చోట కూడా పోడు.

ఆ తోటలో నేల ఒక చోట ఉన్నట్టు ఇంకో చోట ఉండదు. పడమటి వైపు చెట్ల కింద వెడల్పాటి గట్లు, వాటి మధ్య లోతు తక్కువ పల్లాలు, ఉత్తరం నుంచి దక్షిణానికి సాగిపోతుంటాయి. ఎవరు వేశారో, ఏ పంటకి వేశారో ఎవరికీ తెలియదు. ఈశ్వరరావు తాతని అడిగితే ఆయన, "మా తాత నాటికే ఉన్నాయిరా, రాజుల కాలం నాటివేమో" అనేవాడు. గడ్డి కప్పేసినా చెప్పుల్లేకుండా నడిస్తే పాదానికి తెలుస్తాయి.

తూర్పు కొసన ముప్పై సెంట్ల ముక్కలో వరస వేరు. అక్కడ చెట్లు లేవు. తొంభై ఆరు తుపానుకి వేళ్ళతో సహా లేచిపోయాయి, మళ్ళీ ఎవరూ మొక్క పెట్టలేదు. అక్కడి గట్లు సన్నగా, దగ్గర దగ్గరగా, తూర్పు నుంచి పడమరకి అడ్డంగా ఉంటాయి. పదమూడు గట్లు, వాటి మధ్య పన్నెండు కాలవలు. వీటి సంగతి చెప్పడానికి తాతలు అక్కర్లేదు. ఈశ్వరరావు చెల్లెలు సూరమ్మ, ఆమె భర్త కొండయ్య కంద వేయడానికి పారలతో తీసినవి అవి.

తుపాను తరువాతి ఏడు ఈశ్వరరావు తల్లి మంచం పట్టింది. పోయే ముందు కొడుకు చెయ్యి పట్టుకుని, "తూర్పు ముక్క సూరికి పసుపు కుంకుమ కింద ఇచ్చేన్రా. కాయితం రాయించి పెట్టు" అంది. "ఆయ్, అలాగేనమ్మా" అన్నాడు ఈశ్వరరావు. అన్నాడు గానీ రాయించలేదు. ఇంట్లో మాటకి కాయితం ఏమిటి అనుకున్నాడు. సూరమ్మా అడగలేదు. మా వైపు ఆడపిల్ల పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమిని నోరు తెరిచి అడగదు. అడిగితే అది వాటా కింద లెక్క, వాటా అడిగిన ఆడపడుచుకి పుట్టింట్లో మంచినీళ్ళు కూడా వేరే గ్లాసులో వస్తాయి. పుట్టింటివాళ్ళే గుర్తుంచుకుని, వాళ్ళే పిలిచి, వాళ్ళే ఇవ్వాలి.

పధ్నాలుగేళ్ళు అక్కడ కంద పండించారు మొగుడూ పెళ్ళాం. కొండయ్య పోయాక సూరమ్మ పార దించేసింది. ముక్క గడ్డిపట్టింది. ఈశ్వరరావు గేదెలు మేశాయి. ఇలా పన్నెండేళ్ళు గడిచిపోయాయి.

సూరమ్మది గోదావరి మధ్య లంకలో ఇల్లు. ఇసక నేల. ఏటేటా గోదావరి ఆ ఒడ్డుని కోసుకుంటూ వస్తోంది. మూడేళ్ళ కిందట కొబ్బరి చెట్లు పోయాయి, కిందటేడు పశువుల పాక పోయింది. ఈ వేసవికి అరుగు నుంచి ఒడ్డు దాకా పదిహేను అడుగులు మిగిలాయి. ఆ ఇంట్లో సూరమ్మ, కూతురు సాయిదుర్గ, ఇద్దరు మనవలు ఉంటున్నారు. అల్లుడు మస్కట్‌లో ఉన్నాడు. గట్టి నేల మీద ఒక ఇల్లు లేస్తే తప్ప వాళ్ళకి దారి లేదు. గట్టి నేల అంటూ సూరమ్మకి ఉన్నది ఆ ముప్పై సెంట్లే.

ఉగాది తరువాత ఒకసారి పుట్టింటికి వచ్చి, కాఫీ గ్లాసు చేతిలో పెట్టుకుని అంది. "ఈసారి వరదకి మా అరుగుండదేమో అన్నయ్యా."

ఈశ్వరరావుకి అర్థమైంది. సూరమ్మ జన్మలో అంతకంటే గట్టిగా అడగదని కూడా అర్థమైంది.

"ఉంటుందిలే సూరీ" అన్నాడు.

ఇదిగో, ఇక్కడే మీకు ఒళ్ళు మండాలి. నాకూ మండింది. అప్పుడే, "ఆ తూర్పు ముక్కలో పునాది తీయించుకో" అని ఒక్క మాట అని ఉంటే ఆయన సొమ్మేం పోయింది? కానీ కొడుకు బుజ్జిబాబు కువైట్ నుంచి తిరిగొచ్చి, తూర్పు వైపంతా రొయ్యల చెరువు తవ్వించాలని పట్టుబట్టి కూర్చున్నాడు. ఊరి పంట కాలవ నీళ్ళు చెరువులోకి రావాలంటే ఆ ముక్కలోంచే రావాలి. కొడుక్కి చెప్పలేక, చెల్లెలికి ఇవ్వలేక, కక్కలేక మింగలేక ఉన్నాడు పెద్దాయన.

జూలై మొదట్లో సర్కారువారు ఊళ్ళో భూములన్నీ మళ్ళీ కొలవడం మొదలుపెట్టారు. సర్వేయరు జనార్దన్ చిన్నవాడే గానీ కళ్ళున్నవాడు. తోటంతా తిరిగి చూస్తూ తూర్పు కొసకి రాగానే ఆగిపోయాడు.

"ఈ ముక్క వేరేవాళ్ళదాండి? ఇక్కడ వరస అడ్డం తిరిగింది."

"లేదండి, అంతా మాదే" అన్నాడు బుజ్జిబాబు.

"కాయితం మీ నాన్నగారి పేరునే ఉందండి, కాదనను. కానీ నేల మీద వేరే సాగు జాడ కనపడితే అడిగి రాసుకోవాలి. గురువారం కొలతకి వస్తాను. ఎవరైనా ఉంటే ఆ రోజు చెప్పించండి" అని జనార్దన్ బండెక్కి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో బుజ్జిబాబు ఒకటే మాట. "గట్లుంటే కదా నాన్నగారూ అడిగేది. జేసీబీ పెట్టి చదును చేయించేస్తే గొడవుండదు. ఎలాగూ చెరువు తవ్వేదే కదా. అత్తయ్యకి మనం చీరలు పెట్టలేదా, సారెలు పెట్టలేదా? పన్నెండేళ్ళ నించి ఆవిడ అక్కడ పార పెట్టలేదు. కావాలంటే అడిగేది కాదా?"

"ఆవిడ అడగదని తెలిసే కదా మీ ధైర్యం" అంది వంటింట్లోంచి ఈశ్వరరావు భార్య వీరాయమ్మ.

ఈశ్వరరావు పేపరు మడిచి పక్కన పెట్టాడు. అవుననలేదు, కాదనలేదు. బుజ్జిబాబు దాన్ని అవుననే లెక్కేసుకున్నాడు. ఆ ఇంట్లో అన్ని పనులూ అలాగే జరుగుతాయి.

మంగళవారం జేసీబీ వచ్చింది. డ్రైవరు వీరబాబు రెండు గంటల్లో పదమూడు గట్లనీ గీకి పన్నెండు కాలవల్లోకి తోసేశాడు. ఈశ్వరరావు గొడుగేసుకుని గట్టు మీద నిలబడి చూశాడు. ఎండ లేదు, వాన లేదు, గొడుగెందుకో ఆయనకే తెలియాలి.

"తొక్కించమంటారాండి? పోసిన మట్టి కూర్చోవాలంటే నాలుగుసార్లు తొక్కించాలండి" అన్నాడు వీరబాబు.

"చెరువు తవ్వేసే చోట తొక్కించడం ఎందుకయ్యా, డీజిలు దండగ" అని బుజ్జిబాబు పంపించేశాడు.

నేల అరచేతిలా అయింది. ఈశ్వరరావు చెప్పులు విడిచి ఆ మట్టిలో నాలుగడుగులు వేశాడు. కాలు మెత్తగా దిగబడింది. పాదానికి ఏమీ తెలియలేదు. హమ్మయ్య అనుకున్నాడు. అనుకున్నందుకు వెంటనే సిగ్గేసింది, ఆ సిగ్గుని ఇంటికొచ్చి స్నానం చేసి కడుక్కున్నాడు.

గురువారం పొద్దున్నే జనార్దన్ కొలత సామాను దింపుకుంటూ ఉండగా సూరమ్మ ఆటో దిగింది. కొలత సంగతి ఎవరు చెప్పారో తెలియదు. సంచిలో వదిన కోసం పెద్ద కంద దుంప తెచ్చింది, తన పెరట్లోది. తోట గట్టెక్కి తూర్పు వైపు చూసింది. కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది. సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. 

"వరసలు ఏమయ్యేయండి?" అన్నాడు జనార్దన్.

"చదును చేయించేమండి" అన్నాడు బుజ్జిబాబు.

జనార్దన్ అతన్ని వదిలేసి పెద్దాయన వైపు తిరిగాడు. "ఈశ్వరరావు గారూ, మీరు చెప్పండి. ఈ ముక్క మీద ఇంకెవరికైనా హక్కుందాండి?"

ఈశ్వరరావుకి ఉందంటే కొడుకుతో తగువు, లేదంటే చచ్చిపోయిన తల్లికి ద్రోహం.  అప్పుడు ఆయన చేసిన పని చూడండి, శత్రువు కూడా చెయ్యడు. చెల్లెలి వైపు తిరిగి, "మా చెల్లెలు ఇక్కడే ఉందండి. దాన్నే అడగండి" అన్నాడు.

సూరమ్మ అన్నగారి మొహం చూసింది. ఆయన నేల చూశాడు.

"మా అన్నయ్యదేనండి. నాకేం లేదు" అంది సూరమ్మ.

"అయితే ఇక్కడ సంతకం పెట్టండమ్మా."

పెట్టింది. కంద దుంప వీరాయమ్మ చేతిలో పెట్టి, కాఫీ తాగకుండా వెళ్ళిపోయింది. పుట్టింటికి వచ్చి కాఫీ తాగకుండా వెళ్ళడం ఆమెకి అదే మొదలు. వీరాయమ్మ ఆ దుంపని కొయ్యలేదు. మూడు రోజులు వంటింటి గుమ్మం పక్కన అలాగే ఉంచింది, వచ్చేపోయేవాళ్ళ కాళ్ళకి తగిలేలా.

శుక్రవారం సాయంత్రం పట్టుకుంది వాన. శనివారం పగలూ రాత్రీ కురిసింది. పైనెక్కడో కురిసిన వానకి గోదావరి ఎర్రగా పొంగింది, లంకల్లో వాళ్ళని పడవల మీద ఇవతలికి తీసుకొచ్చి ఏటిగట్టు పక్క హైస్కూల్లో పెట్టారని చెప్పుకున్నారు. ఈశ్వరరావుకి అన్నం సహించలేదు. ఫోను తీసి సూరమ్మ నంబరు దాకా వెళ్ళి మళ్ళీ పెట్టేశాడు. ఏమని అడుగుతాడు?

ఆదివారం తెల్లవారి వాన తెరిపిచ్చింది. కొబ్బరికాయలు రాలాయేమో చూద్దామన్న మిషతో తోటలోకి వెళ్ళాడు. తూర్పు గట్టెక్కాడు. ఎక్కినవాడు ఎక్కినట్టే నిలబడిపోయాడు.

నీళ్ళు వరసలు కట్టి నిలబడి ఉన్నాయి. సన్నగా, దగ్గర దగ్గరగా, తూర్పు నుంచి పడమరకి.

కాలవల్లో తోసిన మట్టి వదులుగా ఉంది కదా, రెండు రోజుల వానకి నాని దిగబడిపోయింది. ఏళ్ళ తరబడి గట్టిపడిన గట్ల మొదళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. పోసిన మట్టి కూర్చుంటుందని కోనసీమలో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. అరవై ఏడేళ్ళ రైతుకి తెలియదా? తెలుసు. తెలిసే గొడుగు కింద దాక్కున్నాడు. ఇప్పుడు గొడుగు లేదు.

ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ గట్టు వెంట నడిచాడు. పదకొండు దాకా తాడు పట్టినట్టున్నాయి. కొండయ్య తాడు కట్టకుండా పార వేసేవాడు కాదు. కొబ్బరితాడు రెండు కొసలా మేకులకి కట్టి, సూరమ్మని అటు కొసన నిలబెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ తవ్వేవాడు.

పన్నెండోది వంకర. సగం దూరం బాగానే పోయి, అక్కడ దక్షిణానికి ఒరిగి, మళ్ళీ తప్పు తెలిసినట్టు వెనక్కి వచ్చింది.

ఈశ్వరరావు దాని ముందు చతికిలబడ్డాడు. బురదని కూడా చూసుకోలేదు.

అది ఆయన తవ్విందే. కొండయ్యకి కాలు విరిగిన ఏడు పదకొండు కాలవలు పూడిక తీసి, పన్నెండోది కొత్తగా వేయాల్సి వచ్చింది. "మా చెల్లెలి చేలో నేనుండగా కూలీలెందుకు" అని పంచె ఎగ్గట్టుకుని దిగింది ఈశ్వరరావే. "తాడు కట్టు అన్నయ్యా" అంటే, "నాకు తాడేమిటే, కళ్ళు లేవా" అని బడాయిపోయాడు. సాయంత్రానికి చూస్తే ఇదీ సంగతి. సూరమ్మ గట్టు మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది. సరిచేస్తానంటే ఒప్పుకోలేదు. "ఉండనీ అన్నయ్యా, నువ్వు తవ్వేవని తెలుస్తుంది" అంది. ఆ తరువాత ప్రతి ఏడూ కొండయ్య ఆ వంకరలోనే పార నడిపించాడు. ఒక్కసారి కూడా సరిచెయ్యలేదు.

మా చెల్లెలి చేలో. తన నోటితో తను అన్న మాటే. పరాయి చేను కాదు, తన చేను కాదు, చెల్లెలి చేను. ఈశ్వరరావు ఆ బురదలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరూ చూడలేదు గనుక బాగా ఏడ్చాడు.

ఇంటికి రాగానే జనార్దన్‌కి ఫోను చేశాడు. "సర్వేయరు గారూ, గురువారం నేను తప్పు చేసేనండి. ఆ ముక్క మా చెల్లెలిది."

 "ఆవిడ సంతకం ఉందండి నా దగ్గర. ఇప్పుడు మీరొక్కరూ చెప్తే కుదరదు. హద్దు రాళ్ళు పాతడానికి రేపు పదింటికి వస్తాను. ఆవిడొచ్చి స్వయంగా చెప్తే రాసుకుంటాను."

ఆవిడొచ్చి చెప్పాలి. అంటే ఆవిడ అడగాలి. పాతికేళ్ళకి పైగా పెదవి విప్పకుండా కాపాడుకున్న మర్యాదని నలుగురిలో తనే వదులుకోవాలి. ఎంత పని చేసి పెట్టాడో ఈశ్వరరావుకి అప్పుడు పూర్తిగా తెలిసింది.

బుజ్జిబాబు అంతా విన్నాడు. "ఊళ్ళో తల ఎత్తుకోనిస్తారా నాన్నగారూ? గురువారం ఒక మాట, సోమవారం ఒక మాటా?"

"నా తల సంగతి నేను చూసుకుంటాన్రా" అన్నాడు ఈశ్వరరావు. కొడుకుతో అలా మాట్లాడటం ఆయనకే కొత్తగా ఉంది. వీరాయమ్మ గుమ్మం పక్క కంద దుంపని తీసి కత్తిపీట ముందు పెట్టుకుంది.

హైస్కూలు వరండాలో మూటల మధ్య కూర్చుని ఉంది సూరమ్మ. మనవలిద్దరూ బెంచీల మీద నిద్రపోతున్నారు. సాయిదుర్గ మామయ్యని చూసి లేచి, కుర్చీ తేకుండానే అవతలికి వెళ్ళిపోయింది.

"ఇల్లు?" అన్నాడు ఈశ్వరరావు.

"అరుగు పోయింది. వంటిల్లు పోతా ఉంది. రేపటికి మిగతాదీ పోద్ది."

"సూరీ, రేపు పొద్దున్న నువ్వొకసారి తోటకి రావాలి. ఆ ముక్క నీదని సర్వేయరుతో చెప్పాలి."

"నేను చెప్పను."

"అమ్మ నీకిచ్చింది."

"అమ్మిచ్చింది. నువ్వియ్యలేదు" అంది సూరమ్మ. గొంతు పెంచలేదు. "ఇల్లు పోయిందని నేనేడవలేదన్నయ్యా. ఏరు కదా, దాని బుద్ధే అంత. ఆ రోజు నువ్వు లేదని చెప్పి ఉంటే కూడా ఏడ్చేదాన్ని కాదు. నీ కొడుకు, నీ తోట, నీ ఇష్టం. నా వైపు తిరిగి, నా నోటితో లేదనిపించేవు చూడు, దానికేడ్చేను. సర్వేయరు ముందు నీ పరువు తీయలేక అబద్ధమాడేను. ఇప్పుడు మళ్ళీ నీకు మనసు మారిందని నేనొచ్చి నాదీ నాదీ అని అడగాలా?"

ఈశ్వరరావు ఉన్నదొక్కటే చెప్పాడు. "వానకి కాలవలన్నీ తేలేయి సూరీ. పన్నెండూ తేలేయి."

సూరమ్మ నిద్రపోతున్న మనవడి మీద దుప్పటి సర్దింది.

"నువ్వడగొద్దు. చెప్పాల్సింది నేను చెప్తాను. నువ్వొచ్చి చూడు, అంతే" అని లేచాడు.

సోమవారం పదింటికి జనార్దన్ రాళ్ళతో వచ్చాడు. బుజ్జిబాబు మోటార్ సైకిలు మీదే కూర్చుని ఉన్నాడు, దిగలేదు. ఇరుగుపొరుగు రైతులు నలుగురు చేరారు. నీళ్ళు కాస్త ఇంకినా వరసలు బాగానే కనపడుతున్నాయి. పదిన్నర అయింది. సూరమ్మ రాలేదు.

ఈశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "గురువారం నేను అబద్ధమాడేనండి. మా అమ్మ ఈ ముక్క మా చెల్లెలికి పసుపు కుంకుమ కింద ఇచ్చింది. నేనే కాయితం రాయించలేదు. ఈ గట్లు నేనే చెరిపించేను. మా చెల్లెలు చెప్పింది కూడా అబద్ధమే, నా పరువు కోసం చెప్పింది." నలుగురూ వింటున్నారు. ఒకాయన కండువా సర్దుకున్నాడు. 

"బాగుందండి. కానీ ఆవిడ రావాలి కదండి" అన్నాడు జనార్దన్, కాస్త మెత్తగా.

అప్పుడు చూశారు. సూరమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని తోట గట్టు మీదుగా వస్తోంది. ఎవరినీ పలకరించలేదు. నేరుగా తూర్పు గట్టు మీదికి వెళ్ళి నిలబడి, ఆ కొస నుంచి ఈ కొస దాకా నీళ్ళ వరసల్ని చూసింది. పెదవులు కదులుతున్నాయి, లెక్కపెట్టుకుంటోంది.

"అత్తయ్యా, మీకేం లేదని మీరే సంతకం పెట్టేరు కదా" అన్నాడు బుజ్జిబాబు బండి మీద నుంచే.

సూరమ్మ అతని వైపు చూడలేదు.

"అమ్మా, మీ నోటితో చెప్పండి. ఈ ముక్క మీదేనా?" అన్నాడు జనార్దన్.

నాదంటే అడిగినట్టు. కాదంటే ఇల్లు లేనట్టు.  సూరమ్మ పన్నెండో కాలవ దాకా నడిచి, ఆ వంపు దగ్గర ఆగింది.

"ఇందులో పదకొండు నేనూ మా ఆయనా తవ్వేమండి" అంది. "ఈ వంకరది మటుకు మా అన్నయ్య తవ్వేడు. రాసుకోండి."

జనార్దన్ పుస్తకం తెరిచి, ఆ ముక్క ఎదురుగా సూరమ్మ పేరు రాసుకున్నాడు.